తిరిగిరాని ఆది

గంటసేపు కూర్చోమన్నారు. అన్నది కిటికీ వెనక గుమాస్తా. కంప్యూటరు మీంచి కళ్ళెత్తకుండానే అన్నాడు, డాక్టరమ్మ లోపల కణాలు పెంచే గదిలో ఉందట, పని మధ్యలో వదిలి రాకూడదట, పన్నెండింటికి వస్తుందట. టైలరమ్మ గోడ గడియారం వంక చూసింది. పదకొండు దాటి రెండు నిమిషాలు. పదమూడేళ్ళు ఓర్చుకున్న మనిషి ఒక గంట ఓర్చుకోలేదా అనుకుని, గోడ వెంట వరసగా బిగించిన ప్లాస్టిక్ కుర్చీల్లో చివరిదాంట్లో కూర్చుని సంచీ ఒళ్ళో పెట్టుకుంది. సంచీలో ఫారం ఉంది. నాలుగు పేజీలు. చివర ఒక గీత, గీత కింద సన్నక్షరాల్లో 'తల్లి లేదా తండ్రి సంతకం'. ఆ గీత మీద కలం ఆనించేది లేదని బస్సులోనే ఒట్టు పెట్టుకుంది. పెట్టనంటే పెట్టను, ఏం చేసుకుంటారో చేసుకోనీ, నా బిడ్డ చర్మం ముక్క నా మొహాన పడెయ్యమంటాను, అంతే. నడవా అంతా ఆసుపత్రి వాసన కాదు గానీ దాని చుట్టాల వాసన, స్పిరిటూ, కడిగిన గచ్చూ, ఎక్కడో వేడెక్కుతున్న ప్లాస్టిక్కూ. ఇది ఆసుపత్రి కాదు. ఇక్కడ ఎవరికీ మందివ్వరు, ఎవరినీ పడుకోబెట్టరు. ఇది పరిశోధన చేసే చోటు, ఇక్కడ తెలుసుకుంటారు. అదే కదా తన కడుపుమంట. తెలుసుకుంటారు. తెలుసుకుని ఊరుకుంటారు.

మంగళవారం నాడు, ఇంచుమించు ఇదే వేళకి, ఒక కోటుకి కాజాలు కుడుతుంటే ఫోను మోగింది. పై కాజా అయింది, రెండోది సగంలో ఉంది. కాజా సగంలో వదిలితే దారం వదులైపోతుంది, అందుకని ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి చెప్పండి అంది. ఈ గుమాస్తాయే. అయిదేళ్ళయిందమ్మా, అంగీకారం మళ్ళీ రాసివ్వాలి, ఫారం పోస్టులో పంపుతున్నాం అన్నాడు. సరేనంది. పలకరించినట్టుంటుందని, ఏమైనా తెలిసిందా బాబూ అనికూడా అడిగింది. జవాబు కోసం కాదు, ఊరికే, పక్కింటావిణ్ణి వంటయిందా అని అడిగినట్టు. అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది. "మీ అమ్మాయి నమూనాలో వెన్ను బుడిపెల మధ్య దూరాలు తేడాగా వస్తున్నాయమ్మా, గర్భం మూడో వారం నాలుగో వారం దశలోనే. అది కిందటేడు మొదట్లోనే తేలిందిగా" అన్నాడు. తేలిందిగా. ఆ చివర తగిలించిన 'గా' ఉంది చూశారూ, అది దిగింది ఆమెకి సూదికన్నా లోతుగా. తేలింది అంటే ఒక మాట. తేలిందిగా అంటే, నీకు తెలిసే ఉండాలిగా, లోకమంతా ఎరిగినదేగా అని. పెళ్ళికూతురికి తప్ప అందరికీ పెళ్ళి సంగతి తెలిసినట్టు. అతను ఫోను పెట్టేశాక కూడా ఆమె మెడ అలాగే వంచి, ఫోను అలాగే నొక్కిపట్టుకుని కూర్చుంది. సగం కాజా సగంగానే ఉండిపోయింది. ఆ రోజు ఆ కోటు ఇవ్వలేకపోయింది, ఇరవై రెండేళ్ళ పనిలో అనుకున్న రోజుకి బట్ట ఇవ్వకపోవడం అదే మొదలు, దానికి కూడా ఈ 'గా'యే కారణం.

మూడో వారం. వేళ్ళ మీద లెక్కపెట్టింది, సుద్దతో బల్ల మీద గీతలు గీసి లెక్కపెట్టింది, గోడకున్న కేలండరు దించి వెనక్కి తిప్పినట్టు మనసులో పదమూడేళ్ళూ తిప్పి లెక్కపెట్టింది. ఎలా పెట్టినా ఒకటే. కడుపులో పిల్ల పడిందని తనకు తెలిసిందే ఏడో వారంలో. మూడో వారంలో తనెవరు? ఇంకా తల్లి అని తెలియని మనిషి. ఆ రోజుల్లో ఏం చేసింది, ఏ గుడ్డ కత్తిరించింది, ఎవరితో మాట్లాడింది, ఇప్పుడు ఈ కుర్చీలో కూర్చుని ఎంత తవ్వినా ఒక్కటీ తగలదు. వాన పడిందేమో. ఆయన కొత్తగా లిఫ్టులు బాగుచేసే పనిలో చేరిన రోజులు, చేతులనిండా గ్రీజుతో వచ్చి తలుపు మోచేత్తో తోసేవాడు, అది గుర్తుంది, కానీ అది ఏ వారమో ఎవరు చెప్పగలరు. అయిదో నెల మాత్రం గంట గంటా గుర్తుంది. బడి పిల్లల కోట్లు, మూడు వందలు, నెలరోజుల్లో కావాలన్నారు. బల్ల అంచు పొట్టకి ఒరుసుకునేది, ఒంగి ఒంగి కుట్టింది, కాలితో తొక్కి తొక్కి పిక్కలు రాళ్ళయ్యాయి. కోట్లు నీలం రంగు, జేబు మీద పసుపు పట్టీ. ఆ పసుపు పట్టీ ఎక్కడ కనిపించినా, పదమూడేళ్ళుగా, రోడ్డు మీద పరాయి పిల్లాడి జేబు మీద కనిపించినా సరే, మొహం పక్కకి తిప్పేసుకుంటుంది. తప్పు లేని రోజులు గుర్తుండవు కాబోలు. తప్పు చేశానని నమ్మిన నెలని మాత్రం మనసు ఇస్త్రీ చేసి మడతపెట్టి దాచుకుంటుంది.

పిల్ల పుట్టినప్పుడు ఏమీ కనపడలేదు. పది నెలలకి, నీళ్ళు పోస్తుంటే, సబ్బు చెయ్యి వీపు మీద జారవలసిన చోట జారలేదు. కుట్టేవాళ్ళ చేతికి మడత తెలుస్తుంది. గుడ్డ ఎక్కడ సమంగా ఉందో, ఎక్కడ లోపల పోగు పడిందో, కళ్ళు మూసుకునైనా చెబుతుంది చెయ్యి. ఎముకల డాక్టరు ఫొటో తీసి దీపం ముందు పెట్టి చూపించాడు. గుండీలు సరైన ఎడంలో కుట్టకపోతే చొక్కా ఎలా పక్కకి లాగుతుందో అలా ఉంది పిల్ల వెన్ను, మధ్యలో రెండు పూసలు అతుక్కుపోయి, ఒకటి సగమే ఏర్పడి, పక్కటెముకలు రెండు ఒకదాన్నొకటి పట్టుకుని. గర్భంతో ఉన్నప్పుడు ఏం పని చేసేదానివమ్మా అని అడిగాడు. అయిదో నెలలో మూడు వందల కోట్లు కుట్టానండి అని తనే చెప్పింది, తన నోటితో తనే. ఆయన అవునా అనలేదు, కాదు అనలేదు, రాసుకున్నాడు. 'అయిదవ నెలలో తల్లి ఎక్కువసేపు వంగి పనిచేసినట్టు చెప్పినది.' ఆ ఒక్క లైను పిల్లతో పాటు పెరిగింది. పిల్లకి నడుముపట్టీ మారినప్పుడల్లా కొత్త డాక్టరు, కొత్త డాక్టరు ఆ లైను చదవడం, చదివి తన చేతుల వైపు ఒకసారి చూడడం. ఏమీ అనరు. చూస్తారు, అంతే. అన్నా బాగుండేది, నాలుగు మాటలు తనూ అనేది.

అత్తగారు కూడా ఏమీ అనలేదు. ఆవిడ మంచి మనిషి, ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాలి. తగ్గించమ్మాయ్, పొట్టలో పిల్లకి ఊపిరాడనీ అని ఆ అయిదో నెలలో రెండుసార్లు చెప్పింది. తను వినలేదు. పిల్ల సంగతి బయటపడ్డాక, చెప్పానా వినలేదు అని ఎత్తిపొడవలేదు ఆవిడ, పిల్లని ఎత్తుకుంది, మోసింది, పట్టీ కింద చర్మం ఒరుసుకుపోతే వేలితో నూనె రాసింది. కానీ రోజూ పొద్దుగూకే వేళ దేవుడి ముందు కళ్ళు మూసుకుని పైకే అనేది, అలవాటు ఆవిడకి, మనసులో అనుకుంటే ఆయనకి సరిగ్గా అందదేమోనని పైకే అనేది. అందరి పేర్లూ అయ్యాక చివర్లో, "మా కోడలు తెలియక చేసింది తండ్రీ, మనసులో పెట్టుకోకు" అనేది. పన్నెండేళ్ళు. పక్క గదిలో మిషను తొక్కుతూ ఆ మాట వినేది తను. ఆ మాట వచ్చే వేళకి కాలు దానంతటదే ఆగేది. ఒక్కరోజు తప్పలేదు. జ్వరమొచ్చినా తప్పలేదు. ఆఖరి వారంలో నోరు పడిపోయాక కూడా పెదాలు కదిలేవి, ఏమంటోందో తనకి తెలుసు, ఆ ఇంట్లో ఇంకెవరికి తెలియకపోయినా తనకి తెలుసు. పోయి పది నెలలైంది. గుమాస్తా చెప్పిన కిందటేడు మొదలుకీ ఇవాళ్టికీ మధ్య ఏడాదిన్నర. పద్దెనిమిదిలోంచి పది తీసేస్తే ఎనిమిది. ఎనిమిది నెలలు ఆవిడ బతికే ఉంది, మాట్లాడుతూ ఉంది, రోజూ క్షమాపణ అడుగుతూ ఉంది, ఈ గోడల వెనక అప్పటికే తేలిపోయిన దానికి. ఒక్క ఫోను. ఒక్క ఫోను చేసుంటే ఆ ఎనిమిది నెలలూ ఆవిడ ఇంకేదైనా అడుక్కునేది దేవుణ్ణి, తన కీళ్ళనొప్పులు తగ్గించమని అడుక్కునేది, పాపం.

ఆ ప్రార్థనలన్నీ ఏమయ్యాయి, అని ఈ మూడు రోజులుగా ఆమెకి ఒక ఆలోచన. లేని అప్పుకి చెల్లుచీటీ రాయమన్నట్టు, చెయ్యని తప్పుకి క్షమాపణ అడిగితే ఆయన ఏం చేస్తాడు? విన్నప్పుడల్లా నవ్వుకున్నాడా? పోనీ జాలిపడ్డాడా? ఆయనకి మూడో వారం తెలుసు. ఆయనకి తెలియనిదేముంది, ఆ బుడిపెలు వరసగా పేర్చింది ఆయనే, ఆ మూడో వారంలో పేర్చేటప్పుడు చెయ్యి తడబడింది ఆయనకే. తెలిసీ చెప్పలేదు. ఆ మాట అనుకోగానే చెంపలేసుకుంది టైలరమ్మ, ఈ నడవాలో, ఎవరూ చూడటం లేదు కదా అని అటూ ఇటూ చూసి. తప్పు తప్పు, మన బుద్ధికి అందదు. కానీ అందనంత మాత్రాన అడక్కూడదా? తను రోజూ దణ్ణం పెట్టుకునే మనిషే, ఇవాళ కూడా పెట్టుకునే బయల్దేరింది. అడుగుతుంది ఆయన్ని కూడా, తన పద్ధతిలో, నెమ్మదిగా, పోట్లాడకుండా. ఆయన దగ్గరా ఏదో ఫారం ఉందేమో, ఫలితాలు ఎవరికి వారికి తెలియజేయబడవు అని. దేవుడంటే అర్థం చేసుకోవచ్చు, ఆయన చెప్పేదానికి నోరు లేదు. వీళ్ళకి నోరుంది, ఫోనుంది, గుమాస్తా ఉన్నాడు.

నడవా చివర తలుపుకి మనిషి మొహమంత అద్దం ఉంది. లేచి వెళ్ళి చూసింది. లోపల తెల్లకోటు, నెత్తిన టోపీ, మూతికి గుడ్డ, డాక్టరమ్మే అయ్యుంటుంది, ఒక గాజుపెట్టెలోకి రెండు చేతులూ దూర్చి వంగి ఏదో చేస్తోంది. ఎంత సేపటినుంచో. మెడ వంపు చూస్తే తెలుస్తుంది, భుజాలు చెవుల దాకా లేచిపోయాయి. ఆవిడా వంగే ఉంది. రోజూ వంగే ఉంటుంది. అది ఏ కాగితంలో ఎవడు రాస్తాడు? చదువుకున్నవాళ్ళ ఒంపు శ్రద్ధ, కుట్టుకునేవాళ్ళ ఒంపు దోషం. భలే న్యాయం. వెనక్కి వచ్చి కూర్చుంది. పదకొండున్నర కూడా కాలేదు. గుమాస్తా కిటికీలోంచి, మంచినీళ్ళు కావాలా అమ్మా అని అడిగాడు. వద్దంది. వద్దన్నాక దాహమేసింది, అయినా అడగలేదు.

డాక్టరమ్మ అని తను పిలవడమే గానీ ఆవిడ వైద్యం చేసే డాక్టరు కాదు, చదువు డాక్టరు. అయిదేళ్ళ కిందట ఎముకల ఆసుపత్రిలో కలిసింది, పిల్లకి ఎనిమిదేళ్ళు అప్పుడు. సన్నగా, కంగారుగా, ఇంకా బడిలో చదువుకుంటున్న పిల్లలా ఉండేది. మీ పాప చేతి చర్మం కందిగింజంత కావాలమ్మా అంది. ఆ చర్మంలోని కణాలని బుజ్జగించి బుజ్జగించి వెనక్కి నడిపిస్తారట, అవి ఇంకా చర్మమో ఎముకో కండో ఏదీ కాని మొదటి రోజులకి. అక్కణ్ణించి మళ్ళీ ముందుకి నడవనిస్తారట, ఒక గిన్నెలో, ఒకలాంటి జిగురులో. నడుస్తూ నడుస్తూ అవి ఒక గింజంత పొడుగు తీగలా సాగి, ఆ తీగకి అటూ ఇటూ జతలు జతలుగా బుడిపెలు కడతాయట, కొలిచినట్టు అయిదు గంటలకో జత. కడుపులో ప్రతి పిల్ల వెన్నూ అలాగే మొదలవుతుందట, ఆ బుడిపెలే తరవాత వెన్నుపూసలట. కడుపులో జరిగేది చూడలేం కదమ్మా, ఆ వేళకి తల్లికి కూడా తెలియదు, అందుకని గిన్నెలో చూస్తాం అంది. టైలరమ్మ భయపడింది. అందులో ప్రాణం ఉంటుందా అని అడిగింది. డాక్టరమ్మ తొందరపడకుండా చెప్పింది, కణాలకి ప్రాణం ఉంటుంది, అది బిడ్డ మాత్రం కాదు, తల ఉండదు, గుండె ఉండదు, ఎన్నాళ్ళుంచినా బిడ్డ అవదు, వెన్ను ఎలా మొదలవుతుందో చూపించే నమూనా, అంతే. నమూనా అంటే ముక్క తీసుకోవడం కదా, మళ్ళీ పెంచడమేంటి? తీసుకునేదీ నమూనాయే, పెంచేదీ నమూనాయే, ఆవిడకే మాట కుదరక తల గోక్కుంది. అప్పుడు తనే అంది, "అంటే ఆది అన్నమాట."

కొత్త చొక్కా కుట్టించుకునేవాళ్ళు కొలతకి పాత చొక్కా ఒకటి తెచ్చిస్తారు, దాన్ని ఆది అంటాం, టేపు చెప్పలేనివి ఆది చెబుతుంది, మనిషి ఎదురుగా లేకపోయినా మనిషి భుజం ఎక్కడ వాలుతుందో చెబుతుంది అని వివరించింది. డాక్టరమ్మ మొహం విచ్చుకుంది. ఆది అంటే మొదలు అనికూడా కదమ్మా, రెండూ ఇదే అంది. ఆ రోజునుంచి ఆవిడ కూడా ఆది అనే అనేది. ఎంత మురిసిపోయింది తను, చదువుకున్నవాళ్ళకే కొత్త మాటొకటి ఇచ్చానని! ఆ మురిపెంలోనే సంతకం పెట్టింది. రెండో పేజీలో ఆ మాట ఉంది, 'ఫలితాలు వ్యక్తిగతంగా తెలియజేయబడవు', చదివింది కూడా. చదివి, ఏముంటాయిలే నాకు తెలియాల్సిన ఫలితాలు అనుకుంది. మాటైతే ఇచ్చింది గానీ దాని వెనక నియమం చెప్పడం మరిచిపోయింది. ఆది తీసుకున్న టైలరు కుట్టిన బట్టతో పాటు ఆదిని కూడా మడిచి చేతిలో పెట్టాలి. కుట్టలేకపోయినా, గుడ్డ పాడైనా, తగాదా వచ్చినా, ఆది మాత్రం తిరిగివ్వాలి. ఆది ఉంచేసుకున్న టైలరు గడప మళ్ళీ ఎవరూ తొక్కరు. ఇది ఏ ఫారంలోనూ ఉండదు. ఇది చెప్పాలా ఎవరికైనా?

ఇంట్లో ఆయనకి చెబితే, పోనీలే అన్నాడు. లిఫ్టులో చిక్కుకున్నవాళ్ళు తిట్టినా పోనీలే, అధికారి అరిచినా పోనీలే, ఆయన నాలుక మీద ఆ మాట ఎవరో కుట్టేసినట్టుంటుంది. ఇప్పుడైనా తెలిసింది కదా, మన తప్పు లేదని, సంతోషించాలి గానీ ఈ రుసరుసలెందుకు అన్నాడు. మన తప్పట. ఎప్పుడు మన తప్పయింది అది? పన్నెండేళ్ళూ నా తప్పు, తప్పు లేదని తేలిన పూట మన తప్పు! ఆ మాట పైకే అనేసింది. ఆయన తినడం ఆపి, "అమ్మ అలా అడిగినప్పుడల్లా నేనూ విన్నానే. ఆపమని చెప్పలేకపోయాను" అన్నాడు. ఆయన మీద కోపం చల్లారింది, ఆ చల్లారిన సెగ కూడా వచ్చి వీళ్ళ మీదే పడింది.

అన్నిటికన్నా పైన పిచిక మాట. పిల్లని పిచిక అంటారు ఇంట్లో, పుట్టినప్పుడు అంతే ఉండేది. తొమ్మిదేళ్ళప్పుడు, బడిలో ఎవరో గూని అన్నారని ఏడ్చి వచ్చి, ఏడుపు అయ్యాక, తన పక్కన మిషను బల్ల మీద గడ్డం ఆనించి, నానమ్మ అంతా చెప్పిందమ్మా, నువ్వు నాకోసమేగా కష్టపడి కుట్టావు, "నేను నిన్ను ఎప్పుడో క్షమించేశాను" అంది. పెద్దమనిషిలా అంది. అత్తగారి మాటే, అత్తగారి గొంతే. తిట్టిన పిల్లని కొట్టొచ్చు, అలిగిన పిల్లని బతిమాలొచ్చు. క్షమించిన పిల్లని ఏం చెయ్యాలి? ముద్దు పెట్టుకుంది. పెట్టుకుని, వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో నిలబడింది. ఇవాళ ఇక్కడికి వచ్చింది అందుకు. అత్తగారికి ఎలాగూ ఇక చెప్పే వీల్లేదు, డాక్టర్ల చూపులు ఎలాగూ వెనక్కి తీసుకునే వీల్లేదు. పిల్ల క్షమాపణ ఒకటి మిగిలింది, దాన్ని తిరిగిచ్చెయ్యాలి. నోటిమాటగా కాదు. నోటిమాటగా చెబితే, అమ్మ తనను తాను వెనకేసుకొస్తోంది అనుకుంటుంది, పదమూడేళ్ళ పిల్ల, అనుకోదా? కాగితం కావాలి, సంతకంతో. ఆ కాగితం ఇస్తేనే, ఒట్టు పక్కనపెట్టి, ఈ ఫారం సంగతి. ఇవ్వకపోతే చింపి ఆ కిటికీలో పడేసి పోవడమే.

పన్నెండుకి అయిదు నిమిషాలుండగానే తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ మూతిగుడ్డ కిందికి లాక్కుంటూ వచ్చింది, ముక్కు మీద దాని గీత ఎర్రగా పడింది. అయిదేళ్ళలో కంగారు తగ్గింది, కళ్ళ కింద నలుపు చేరింది. చాలాసేపు కూర్చోబెట్టానమ్మా, ఒక జత కట్టే వేళ, వదిలి రాలేకపోయాను అంది. టైలరమ్మ లేవలేదు.

"మా పిల్ల సంగతి మీకెప్పుడు తెలిసింది?"

డాక్టరమ్మ ఒకసారి కిటికీ వైపు చూసింది. గుమాస్తా తల దించుకున్నాడు. "ఏడాదిన్నర అయిందమ్మా."

"మా అత్తగారు పోయి పది నెలలైంది."

ఆ రెండింటికీ లంకె ఏమిటో ఆవిడకి అందలేదు. అందేలా చెప్పింది టైలరమ్మ. గట్టిగా చెప్పాలనుకుంది, రిహార్సలు కూడా చేసుకుంది బస్సులో, కానీ కొలతలు చెబుతున్నట్టు వరసగా వచ్చాయి మాటలు, అయిదో నెల, కోట్లు, ఆ లైను, ఆ ప్రార్థన, పన్నెండేళ్ళు, ఎనిమిది నెలలు. డాక్టరమ్మ పక్క కుర్చీలో కూర్చుంది. ఇది మాకు తట్టలేదమ్మా, దీనికి మిమ్మల్ని మీరే తప్పుపట్టుకుంటున్నారని మాకు తెలియదు, పైగా ఫారం ప్రకారం మేము చెప్పకూడదు, తెలియజేయబడవు అని రాశాం అంది.

"చదివాను. తెలియజేయబడవు. ఎవరి చేత తెలియజేయబడవు? దానికో మనిషి లేడా?" అంది టైలరమ్మ. "ఆది అన్న మాట మీకు నేనే ఇచ్చాను. ఆది తీసుకున్నవాళ్ళు కుట్టినా కుట్టకపోయినా తిరిగిస్తారు డాక్టరమ్మా. మీరు ఉంచేసుకున్నారు."

టైలరమ్మ సంచీలోంచి తెల్లకాగితం తీసి కలంతో సహా ఆవిడ ఒళ్ళో పెట్టి, రాయండి అంది. ఆ లోపం నావల్ల వచ్చింది కాదని, తెలుగులో, పిల్ల చదివి అర్థం చేసుకునేటట్టు. డాక్టరమ్మ చాలాసేపు కలం పట్టుకుని కూర్చుని, ఒక వాక్యం రాసి ఇచ్చింది. 'పరీక్షించిన నమూనాలను బట్టి, ఈ లోపానికి తల్లి చేసిన పని కారణం కాకపోవచ్చు.' టైలరమ్మ రెండుసార్లు చదివింది. కాకపోవచ్చు. పన్నెండేళ్ళ నుంచీ అందరి మొహాల్లో చదువుతున్నది కూడా అదే మాట కదా, ఇటునుంచి కాకుండా అటునుంచి. అవ్వచ్చు అని వాళ్ళు చూశారు, కాకపోవచ్చు అని ఈవిడ రాసింది, రెండింటికీ మధ్య ఒక వెంట్రుక కూడా పట్టదు. కాగితం తిప్పి ఇచ్చేసింది.

"కాదు అని రాయండి."

"అలా రాయలేనమ్మా. నేను చూసింది గిన్నెలో. మీ కడుపులో చూడలేదు" అంది డాక్టరమ్మ. తప్పించుకునే గొంతు కాదది. అబద్ధం రాయడానికి చెయ్యి రాని మనిషి గొంతు. ఆ తేడా టైలరమ్మకి తెలుసు, పొట్టి గుడ్డ తెచ్చి పొడుగు కోటు కుట్టమనేవాళ్ళతో తనూ అదే గొంతుతో మాట్లాడుతుంది. అందుకని ఇంకోవైపు నుంచి పట్టుకుంది.

"పోనీ ఇది చెప్పండి. మొదటి నెలలోనే పడిపోయిన కుట్టుని అయిదో నెలలో చేసిన పని వంకర చెయ్యగలదా?"

డాక్టరమ్మ ఆలోచించింది. నిజంగా ఆలోచించింది, నేల వంక చూస్తూ, పెదవి కొరుక్కుంటూ, ఎక్కడైనా సందు ఉందేమోనని వెతుకుతూ. "పూసల లెక్క, పూసల ఎడం మొదటి రెండు నెలల్లోనే తేలిపోతాయమ్మా. అప్పుడు అతుక్కున్న పూసలు అయిదో నెల పనికి అతుక్కున్నవి కావు. అది ఏ పుస్తకంలోనైనా ఉంది."

"ఏ పుస్తకంలోనైనా ఉన్నది పన్నెండేళ్ళలో నాకు ఏ డాక్టరూ చెప్పలేదు. ఆ ముక్క రాయండి."

రాసింది. 'అయిదవ నెలలో తల్లి చేసిన పని వల్ల ఈ లోపం రాలేదు. అప్పటికి మూడు నెలల ముందే అది ఏర్పడిపోయింది.' కింద సంతకం, తేదీ. రాలేదు. కాకపోవచ్చు కాదు, రాలేదు. టైలరమ్మ అక్షరాల మీద వేలు పెట్టి చదివింది. ఊరట కలుగుతుందనుకుంది. ఏడుపు వస్తుందనుకుంది. రెండూ రాలేదు, ఇంతేనా అనిపించింది. ఇంతేనా, రెండు లైన్లు, ఇవి రాయడానికి ఆవిడకి పట్టింది పది నిమిషాలు. ఈ పది నిమిషాలు ఏడాదిన్నరలో ఎక్కడా దొరకలేదా? పన్నెండేళ్ళలో ఆ ఎముకల డాక్టరుకి దొరకలేదా? కోపం పోలేదు సరికదా, ఇప్పుడు దానికి కాగితం మీద రుజువు కూడా దొరికింది. అయినా మడిచి లోపల పెట్టుకుంది.

అప్పుడు డాక్టరమ్మ నెమ్మదిగా, ఫారం గురించి నేను అడగకూడదేమో ఇవాళ, మీకు ఇష్టం లేకపోతే ఆపేస్తాం, కణాలన్నీ తీసేస్తాం, ఆ హక్కు మీకుంది అంది. మూడో పేజీ చూశారా అనికూడా అడిగింది. చూడలేదు. ఒట్టు పెట్టుకున్న మనిషి చివరి గీత తప్ప ఏం చూస్తుంది. మూడో పేజీలో ఇంకో గీత ఉంది. పన్నెండేళ్ళు దాటిన పిల్లలైతే వాళ్ళ సంతకం కూడా కావాలట, వాళ్ళకి అంతా చెప్పి, వాళ్ళు ఒప్పుకుంటేనే. "అమ్మాయికి తెలుసు కదమ్మా, ఆ రోజు చర్మం ఎందుకు తీశామో?"

తెలుసు కదా. ఎంత మామూలుగా అడిగింది. ఆ రోజు పిల్ల చెయ్యి పట్టుకున్నది తను. మచ్చ ఉంది తల్లీ, చిన్న మచ్చ, తీసేస్తారు, చీమ కుట్టినట్టుంటుంది అంతే అని చెప్పింది. ఎనిమిదేళ్ళ పిల్లకి కణాలూ గిన్నెలూ ఎందుకని, భయపడుతుందని. తరవాత తొమ్మిదేళ్ళు వచ్చాయి, పదకొండు వచ్చాయి, పదమూడు వచ్చాయి. చెప్పడానికి పది నిమిషాలు తనకీ దొరకలేదు. అయిదేళ్ళు ఆ పిల్ల వెన్ను ఈ గోడల వెనక మళ్ళీ మళ్ళీ కట్టుకుంటూ ఉంది, ఈ గుమాస్తాకి తెలుసు, ఇంట్లో ఆయనకి తెలుసు, ఆఖరికి అత్తగారికి కూడా తెలుసు, పిల్లకి తప్ప అందరికీ తెలుసు. వీళ్ళు తనకి చేసిందేమిటో అదే తను పిల్లకి చేసింది, ఫారం కూడా లేకుండా. మొహంలోకి వేడి జిమ్మింది. అది కూడా కోపమే, ఇప్పటిదాకా బయటికి ఎగదోసిన కోపమే, ఇప్పుడు తన మీదికే తిరిగింది, అంతే.

"తెలియదు" అంది. దాచడానికి ఇంకేం మిగల్లేదు. "మచ్చ తీస్తున్నారని చెప్పాను."

డాక్టరమ్మ ఆ మాటకి మొహం మార్చలేదు. తప్పుపట్టలేదు, ఓదార్చలేదు, అందుకు టైలరమ్మ లోపల్లోపలే ఆవిడకి మార్కులు వేసింది. తరవాత డాక్టరమ్మ లేచి, రండమ్మా, మీకు చూపిస్తాను, ఇన్నాళ్ళూ చూపించకపోవడం మాదే పొరపాటు, ఇప్పుడే ఏడో జత కట్టింది, అద్దంలోంచి స్పష్టంగా కనిపిస్తుంది అంటూ గది తలుపు మోచేత్తో తెరిచి పట్టుకుంది. లోపలి చల్లగాలి వచ్చి తగిలింది. గాజుపెట్టె పక్కన బల్ల మీద దీపం వెలుగుతోంది, దాని కింద గుండ్రటి గిన్నె, నాలుగడుగుల దూరం. టైలరమ్మ లేచి గుమ్మం దాకా వెళ్ళింది. ఒక కాలు ఎత్తింది కూడా. కళ్ళు ఆ గిన్నె మీంచి తిప్పుకోవడానికి ఆమెకి కష్టమైంది, పన్నెండేళ్ళుగా అడగాలనుకున్నదంతా ఆ వెలుగులో గింజంతై పడుకుని ఉంది. ఎత్తిన కాలు గుమ్మం ఇవతలే దించింది.

"వద్దు డాక్టరమ్మా. తలుపేసెయ్యండి" అంది. "రేపు బడి అయ్యాక దాన్ని తీసుకొస్తాను. దాని వీపు, ముందు దాన్నే చూడనివ్వండి. నన్ను చూడమని అదంటే అప్పుడు చూస్తాను."